అటక మీద దొరికిన జపాన్ రేకు రోబో: శుభ్రం చేయాలా, ముట్టుకోకూడదా?

ఉప్పుగాలి (విశాఖపట్నం), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్ళుగా చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. మా పెదనాన్నగారు సరుకు ఓడల మీద పనిచేసేవారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఇల్లు రిపేరు కోసం ఈ వారం అటక ఖాళీ చేస్తుంటే ఇత్తడి గంగాళం వెనక పాత చీర ముక్కలో చుట్టి రోబో బొమ్మ ఒకటి కనిపించింది. దాదాపు అడుగు ఎత్తుంటుంది. ఒళ్ళంతా రేకు. తలమీద హెల్మెట్, అందులోంచి మనిషి ముఖం కనిపిస్తోంది. ఛాతీకి రెండు తలుపులు. కింద ఎస్.హెచ్. అన్న అక్షరాలు, "మేడ్ ఇన్ జపాన్" అని ఉంది. బ్యాటరీ అర నిండా తెల్లటి పొడి, పచ్చటి చిలుము. కుడిచేతికి ఎవరో ఆకుపచ్చ పెయింట్ వేశారు. అది మా పెరటి కిటికీ ఊచల రంగే అని చూడగానే తెలిసిపోతోంది.

ఇదేంటి, దీన్ని ఎలా శుభ్రం చేయాలి? విలువ ఎంతని మా తమ్ముడు అడుగుతున్నాడు, వాడి కోసం అదీ చెప్పండి. ఫొటోలు నాలుగు పెట్టాను.

రన్నర్‌రాజు (హైదరాబాద్), 9:20

అక్కా, అదిరింది! పెట్టె ఉందా?

ఉప్పుగాలి, 9:23

పెట్టె లేదు తమ్ముడూ. చీర ముక్కే.

రేకుడబ్బా (బెంగళూరు), 10:05

మూడో ఫొటో పెద్దది చేసి చూశానమ్మా. ఎస్.హెచ్. అంటే హోరికావా కంపెనీ. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు పేరంతా వేయకుండా ఇలా పొడి అక్షరాలే అచ్చు వేసేవి. టి.ఎన్. అని ఉంటే నోమురా, టి.ఎమ్. అని ఉంటే మసుదాయా. మీ దాన్ని సేకర్తలు రొటేట్-ఓ-మాటిక్ సూపర్ ఆస్ట్రోనాట్ అంటారు. అంటే పేరు ప్రకారం అది రోబో కాదు, వ్యోమగామి! నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ఛాతీ తలుపులు తెరుచుకుంటాయి, లోపలి తుపాకులు వెలుగుతూ చప్పుడు చేస్తాయి, నడుము పైభాగం గిర్రున తిరుగుతుంది. తర్వాత తలుపులు మూసుకుని మళ్ళీ నడక.

మీ తమ్ముడికి చెప్పండి, ఇది బాగా అమ్ముడుపోయిన మోడల్, ఏళ్ళ తరబడి రకరకాల రంగుల్లో చేశారు. ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి. కారు కొనుక్కునేంత డబ్బు రాదు. కార్ల ధర పలికేవి వేరే ఉన్నాయి. మసుదాయా వాళ్ళ పెద్ద రోబోలు అయిదింటిని కలిపి "గ్యాంగ్ ఆఫ్ ఫైవ్" అంటారు. అన్నిటికీ ఒంటి ఆకారం ఒకటే, లంగా తొడిగిన డబ్బాలా ఉంటుంది. వాటిలో మెషిన్ మ్యాన్ అనేది అన్నిటికన్నా అరుదు. ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు కొంటున్నాను, దాన్ని పుస్తకాల్లో తప్ప చూడలేదు.

పెట్టె గురించి రాజు అడిగింది తమాషాకి కాదు. ఈ బొమ్మలకి పెట్టె ఉంటే ధర ఒక్కోసారి రెట్టింపు. పెట్టెమీద వేసిన బొమ్మ అసలు బొమ్మకన్నా అందంగా ఉండేది మరి. వెనకాల చంద్రుడు, రాకెట్లు, పేలుళ్ళు, అన్నీ పెట్టెమీదే. లోపల డబ్బా.

సోల్డరింగ్ సుబ్బు (విజయవాడ), 10:31

మేడమ్, సెల్స్ వేసి చూద్దామని మాత్రం తొందరపడకండి. ముందు ఆ పొడి సంగతి తేలాలి.

డాలస్‌బాబు, 10:44

పొడికి వెనిగర్ పెట్టండి. నేను మా వాడి బొమ్మలన్నిటికీ అదే చేస్తాను. దూదిపుల్లతో రుద్దితే ఇట్టే పోతుంది.

సోల్డరింగ్ సుబ్బు, 10:58

బాబుగారూ, ఆగండి. మీ అమెరికాలో వేసేవి ఆల్కలైన్ సెల్స్. వాటిలోంచి కారేది క్షారం, దానికి వెనిగర్ సరైన విరుగుడే. మన దగ్గర ఆ రోజుల్లో టార్చిలైట్లో వేసినవి ఎక్కువగా జింక్-కార్బన్ రకం. వాటిలోంచి కారేదే కాస్త ఆమ్ల గుణం ఉన్నది. దానిమీద మళ్ళీ వెనిగర్ పోస్తే పుండు మీద కారం చల్లినట్టే. వంటసోడా నీళ్ళలో పేస్టులా కలిపి, దూదిపుల్లకి అంటించి, లోపల సెల్స్‌కి తగిలే రేకుముక్కల మీద మాత్రమే రాయండి. తర్వాత తడి పుల్ల, ఆ తర్వాత పొడి పుల్ల. రంగు అచ్చు మీద ఏదీ పడకూడదు. చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఏ సెల్సు వేశారో గుర్తుంటే చెప్పండి.

ఉప్పుగాలి, 11:10

పెద్దమ్మని అడిగాను. "ఎర్ర రంగు సెల్స్, టార్చిలోవే తీసి వేసేవారు, కరెంటు పోతే మళ్ళీ టార్చిలోకి" అన్నారు.

సోల్డరింగ్ సుబ్బు, 11:14

అయితే వంటసోడానే.

చదువరి 62 (తెనాలి), ఆదివారం ఉదయం 6:40

తెల్లవారుజామునే లేచి ఇదంతా చదివాను. బొమ్మల సంగతి నాకు తెలియదు గానీ మాట సంగతి చెబుతాను. రోబో అనే మాట పుట్టింది చెక్ భాషలో. కారెల్ చాపెక్ 1920లో రాసిన ఆర్.యు.ఆర్. అనే నాటకంలో మొదట వాడాడు. ఆ మాట అందించింది అతని అన్న, చిత్రకారుడు జోసెఫ్. చెక్‌లో రొబోత అంటే దొర పొలంలో కూలి లేకుండా చేసే నిర్బంధపు పని. మన మాటల్లో వెట్టి. అంటే మీ అటక మీద దొరికింది అక్షరాలా వెట్టివాడు. ఆ నాటకంలో వాళ్ళు ఇనుప డబ్బాలు కూడా కారు, రసాయనాల ముద్దతో చేసిన మనుషుల్లాంటి వాళ్ళు. ఈ రేకు ఒళ్ళు, చదరపు తల తర్వాత వచ్చిన వేషం.

రేకుడబ్బా, 8:15

మాస్టారూ, ఇన్నేళ్ళు కొంటూ ఆ వెట్టి సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. నమస్కారం.

రేకు ఒళ్ళు జపాన్‌లో ఎందుకంత చవగ్గా తయారయిందో చెబుతాను. 1945లో యుద్ధం ముగిసేసరికి అక్కడ ఇనుము లేదు, బొమ్మల కంపెనీలు లేవు. కొసుగె మత్సుజో అనే బొమ్మల తయారీదారు ఒత్సు అనే ఊళ్ళో ఉంటూ, అమెరికా సైనికులు తిని పారేసిన డబ్బాల రేకుని సాపు చేసి చిన్న జీపు బొమ్మ చేశాడు. ఆ డిసెంబరులో కియోటోలో పది యెన్లకి అమ్మితే జనం వరస కట్టారు. అక్కడ మొదలైంది. తర్వాత ఎగుమతి బొమ్మల మీద "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని వేయాల్సొచ్చేది. ఆక్యుపైడ్ అంటే ఆక్రమణలో ఉన్న అని. 1952లో అమెరికా వాళ్ళ ఆక్రమణ ముగిశాక ఆ మాట పోయింది. మా దగ్గర అలాంటి కీ ఇచ్చే కోడిపుంజు ఒకటుంది, రోబో మాత్రం లేదు.

ఈ రేకు బొమ్మలు చూడాలంటే యొకొహామాలో కితహారా తెరుహిసా మ్యూజియం ఉంది. చిన్న ఇల్లు. నేను వెళ్ళినప్పుడు మా ఆవిడ గంటలో బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. నేను మూడు గంటలున్నాను. ఆ విషయం ఇప్పటికీ ఇంట్లో వస్తూనే ఉంటుంది.

రన్నర్‌రాజు, 10:20

రేకుడబ్బా అంకుల్, మీరంటే గౌరవమే గానీ, ఆ డబ్బాలకి మోకాలు కూడా వంగదు. మా గండమ్ చూడండి, జపాన్ కార్టూన్ సీరియల్లోని రోబోకి ప్లాస్టిక్ మోడల్, ముక్కలు మనమే అతకాలి. వేళ్ళు కూడా విడివిడిగా కదుల్తాయి. జిగురు అక్కర్లేదు, నొక్కితే అతుక్కుంటుంది. రన్నర్ (ముక్కలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) లోంచి నిప్పర్‌తో, అంటే చిన్న కటర్‌తో, ముక్క కత్తిరించేటప్పుడు వచ్చే టిక్ అనే చప్పుడుంది చూశారూ, ఆఫీసు టెన్షన్ మొత్తం అందులో పోతుంది.

దాని కథ కూడా తమాషాగా ఉంటుంది. 1979లో గండమ్ సీరియల్ టీవీలో వచ్చినప్పుడు ఎవరూ పెద్దగా చూడలేదు. డబ్బులు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. వాళ్ళ బొమ్మలు కదల్లేదని 52 భాగాల సీరియల్ని 43కి కుదించేశారు. అంతా అయిపోయాక, 1980 జూలైలో, బందాయ్ 300 యెన్లకి చిన్న ప్లాస్టిక్ కిట్ వదిలింది. దెబ్బకి షాపుల ముందు క్యూలు. పాపం క్లోవర్ 1983లో దివాలా తీసింది.

డాలస్‌బాబు, 10:52

రాజూ, నీ గండమ్ కారుగా మారుతుందా? మారదు కదా, కూర్చో.

మా ట్రాన్స్‌ఫార్మర్స్ కూడా పుట్టింది జపాన్లోనే. టకారా కంపెనీ డయాక్లోన్, మైక్రో చేంజ్ అని రెండు రకాల బొమ్మలు చేసేది. అమెరికాలో హాస్‌బ్రో వాటిని తెచ్చి కొత్త పేర్లు పెట్టి, కొత్త కథ అల్లి, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అని అమ్మింది. డయాక్లోన్ కథలో రోబోని లోపల కూర్చుని మనిషి నడుపుతాడు. బొటనవేలంత డ్రైవర్ బొమ్మ, కాళ్ళకి అయస్కాంతాలు. అమెరికా కథలో రోబోకే ప్రాణం ఉంది, డ్రైవరుతో పనిలేదు. కానీ బొమ్మలు పోసే అచ్చులు పాతవే కదా! అందుకే మొదటి ఆటోబాట్ (కథలో మంచి రోబోల జట్టు) కార్ల తలుపు తీస్తే లోపల బుల్లి సీట్లు ఉంటాయి. మా వాడు అయిదేళ్ళప్పుడు అడిగాడు, "నాన్నా, వాడే కారు కదా, మరి ఇందులో ఎవరు కూర్చుంటారు?" అని. ఇంటర్నెట్లో వెతికి మరీ జవాబు చెప్పాల్సొచ్చింది.

నా దగ్గర పెద్ద దిగులు వేరే ఉంది. కొన్ని పాత బొమ్మల్లో బంగారు రంగు ప్లాస్టిక్ వాడారు. అది అలా పెట్టెలో ఉండగానే పెళుసెక్కి, పట్టుకుంటే మరమరాల్లా విరిగిపోతుంది. సీలు తీయని పెట్టె గొప్ప అంటారు గదా, సీలు లోపల పొడి ఉందో బొమ్మ ఉందో ఎవరికి తెలుసు?

రేకుడబ్బా, 11:30

లోహం కూడా తక్కువేం కాదు. 1974లో పాపీ కంపెనీ మజింగర్ జెడ్ అనే కార్టూన్ రోబో బొమ్మ పోతపోసి చోగోకిన్ అని పేరు పెట్టింది, సూపర్ మిశ్రలోహం అని అర్థం. నిజానికి జింకు మిశ్రమం. జింకులో సీసం మలినంగా కలిసి ఉంటే కాలక్రమంలో లోపలినుంచే పగుళ్ళు వస్తాయి, దానికి మందు లేదు. రేకుకి శత్రువు తుప్పు ఒక్కటే. మన ఉప్పుగాలి అమ్మాయి ఊరు విశాఖ కాబట్టి అదే భయం. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి బొమ్మ పక్కన పెట్టండి. అచ్చు మీద దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి, పొడి గుడ్డతో తుడవండి, అంతే. గ్లాసు తుడిచే స్ప్రే, బ్రాసో, థిన్నర్, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. రేకు మీద రంగు అచ్చువేసిన పొర వెంట్రుకంత కూడా ఉండదు.

ఆ ఆకుపచ్చ చెయ్యి మాత్రం... నేనైతే అరచేతి పక్కన చిన్న చోట గోటితో గీకి చూస్తాను, కింద అసలు రంగు ఉందేమోనని.

బొమ్మలకొలువు (రాజమండ్రి), మధ్యాహ్నం 1:05

గీకొద్దమ్మా ఉప్పుగాలీ! ఆ రంగు వేసిన చెయ్యి మీ పెదనాన్నగారిది. ఎందుకు వేశారో ముందు కనుక్కోండి. కొన్నవాళ్ళెవరో కాదు గదా మీరు, ఇంట్లోవాళ్ళు. రేకుడబ్బాగారూ, మీకు కోపం వస్తే రానివ్వండి.

రేకుడబ్బా, 1:20

కోపం ఎందుకండీ. కానీ సేకర్తగా చెబుతున్నాను, తర్వాత వేసిన రంగు ధర తగ్గిస్తుంది.

బొమ్మలకొలువు, 1:22

అమ్ముతానని ఆ అమ్మాయి ఎక్కడ అంది?

రన్నర్‌రాజు, 1:24

తమ్ముడు అన్నాడు కదా

పాతసంత (హైదరాబాద్), 2:40

విలువ గురించి నా గోడు వినండి. రెండేళ్ళ క్రితం ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒకతను "1950ల జపాన్ రోబో సార్, తాతల నాటిది" అని పెట్టెతో సహా చూపించాడు. నాలుగు వేలకి బేరం కుదిరింది. మురిసిపోతూ ఇంటికొచ్చాను. మా అమ్మాయి పెట్టె తిప్పి చూసి, "నాన్నా, దీనికి బార్‌కోడ్ ఉంది" అంది.

డాలస్‌బాబు, 2:44

😂😂😂

పాతసంత, 2:47

నవ్వండి నవ్వండి. కొట్లో బార్‌కోడ్ మొదటిసారి చదివింది 1974లోనట, ఒహాయోలో, చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద. అది కూడా మా అమ్మాయే చెప్పింది. చైనాలో ఇప్పటికీ పాత నమూనాల మీద కీ ఇచ్చే రేకు రోబోలు కొత్తగా చేస్తారు. బాగానే ఉంటాయి, బల్లమీద పెట్టుకోవచ్చు. కాకపోతే నాలుగొందలకి కొనాలి, నాలుగు వేలకి కాదు.

రేకుడబ్బా, 3:10

పాతసంతగారూ, అలాంటివి నా దగ్గర మూడున్నాయి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అసలు ధర అంటే ఏమిటో వినండి. 1956లో వచ్చిన ఫర్బిడెన్ ప్లానెట్ సినిమాలో రోబీ అని ఒక రోబో ఉంది. ఆ వేషం డిజైన్లో రాబర్ట్ కినోషిటా అనే జపనీస్ అమెరికన్ చెయ్యి ఉంది. తర్వాత లాస్ట్ ఇన్ స్పేస్ సీరియల్ రోబో కూడా ఆయనదే. సినిమాలో మనిషి తొడుక్కున్న ఆ రోబీ వేషాన్ని 2017 నవంబరులో న్యూయార్క్‌లో బోనమ్స్ అనే వేలం కంపెనీ వాళ్ళు వేలం వేస్తే 53 లక్షల 75 వేల డాలర్లు పలికింది. దాన్ని చూసి జపాన్ కంపెనీలు రేకులో ఎన్ని రోబీలు చేశాయో లెక్కలేదు. చాలావాటికి అనుమతీ లేదు, రోబీ అన్న పేరూ లేదు. దొంగ నకలు అని అప్పట్లో తిట్టిన వాటికోసమే ఇప్పుడు మాలాంటివాళ్ళు కొట్టుకుంటున్నారు.

రన్నర్‌రాజు, 3:30

మనకి ధర పెంచేది వేలం కాదు అంకుల్, కస్టమ్స్. బొమ్మల మీద సుంకం 2020 బడ్జెట్లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70. పైగా 2021 నుంచి బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. నా కిట్ ఒకటి నెలన్నర ఆగిపోయి, చివరికి వెనక్కి వెళ్ళిపోయింది. "ఇది పిల్లల బొమ్మ కాదు సార్, నేను ఆడుకునేది" అని ఫోన్లో చెప్పాను. అవతలి ఆయన కాసేపు మాట్లాడలేదు.

చదువరి 62, సాయంత్రం 5:15

బొమ్మ కాని బొమ్మ అన్నారు కాబట్టి ఒకటి గుర్తొచ్చింది. మా అబ్బాయి కొనిచ్చిన కళల పుస్తకంలో చదివాను. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ అనే కళాకారుడు 1964లో కె-456 అని ఒక రోబో చేశాడు. మొజార్ట్ పియానో రచనకున్న జాబితా సంఖ్యే దాని పేరు. తీగలు, ముక్కలు, ఒంటిమీద చర్మం లేదు. వీధుల్లో నడిచేది, ప్రసంగం వినిపించేది, గింజలు విసర్జించేది కూడా. 1982లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం ఎదుట దాన్ని రోడ్డు దాటించి, కావాలనే కారుతో గుద్దించాడు. ఇరవయ్యొకటో శతాబ్దపు మొదటి ప్రమాదం ఇదేనన్నాడు. మొదట నవ్వాను, తర్వాత ఆ ఫొటో చూస్తే జాలేసింది. తీగల కుప్ప మీద జాలేమిటో.

బొమ్మలకొలువు, 5:50

జాలి ఎందుకు పడకూడదు మాస్టారూ? సోనీ వాళ్ళ రోబో కుక్క ఐబో గుర్తుందా? 1999లో రెండున్నర లక్షల యెన్లకి పెడితే జపాన్లో మూడు వేల కుక్కలు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. దాని రూపం గీసింది సొరాయామా హజిమె, మెరిసే లోహపు ఆడ రోబోల చిత్రాలతో పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. 2006లో తయారీ ఆపేశారు, 2014లో రిపేర్లు కూడా ఆపారు. ఆ తర్వాత పాడైన ఐబోలకి చిబాలోని కొఫుకు-జి అనే బౌద్ధ గుడిలో అంత్యక్రియలు చేశారు. 2018 నాటికి 800 దాకా అయ్యాయట. మెడలో పేరు, యజమాని రాసిన ఉత్తరం. పూజ అయ్యాక వాటి భాగాలు తీసి బతికున్న కుక్కలకి వేసేవారు. మా ఆయన విని నవ్వారు. ఆ దసరాకే ఆయన స్కూటర్‌కి నిమ్మకాయలు కట్టి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

సోల్డరింగ్ సుబ్బు, 6:05

మా షాపులో సోల్డరింగ్ ఐరన్‌కి కూడా బొట్టు పెడతాం. మేడమ్, ఇంతకీ వంటసోడా పెట్టారా?

ఉప్పుగాలి, రాత్రి 8:30

పెట్టాను సుబ్బుగారూ. రెండు గంటలు పట్టింది. ఒక రేకుముక్కని చిలుము పూర్తిగా తినేసింది, రెండోది బాగుంది. తినేసిన చోట ఏం వేయాలి?

ఇంకా పెద్ద వార్త. ఆకుపచ్చ చెయ్యి సంగతి పెద్దమ్మని అడిగాను. ఈ బొమ్మని మేము ఆడుకునేందుకు ఇవ్వలేదట. ప్రతి సంక్రాంతికీ బొమ్మల కొలువులో పెట్టేవారట! దశావతారాల పక్కన. "కల్కి తర్వాత ఇది" అన్నారు, నవ్వకుండా. ఒక ఏడు దీపం మరీ దగ్గరగా పెట్టి చెయ్యి మాడింది. పేరంటాళ్ళు చూస్తే బాగుండదని పెదనాన్న అప్పటికప్పుడు చేతికందిన పెయింట్ పూశారట. హెల్మెట్ మీద పసుపు మరక కూడా ఆ పేరంటాలదే.

బొమ్మలకొలువు, 8:34

నేను చెప్పలేదూ!!

రేకుడబ్బా, 8:41

గీకమన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కల్కి తర్వాత హోరికావా. ఇన్నేళ్ళలో వినలేదు.

సోల్డరింగ్ సుబ్బు, 8:50

తినేసిన ముక్క బదులు ఇత్తడి రేకు కత్తిరించి వంచి పెట్టండి, పాత ముక్క పారేయకండి. గేర్లు బిగుసుకుని ఉంటాయి, కుట్టుమిషన్ నూనె ఒక్క బొట్టు ఇరుసులకి. కొబ్బరినూనె వద్దు, బంకవుతుంది. సెల్స్ కొత్తవి వేసి పది సెకన్లు చూడండి. కాలిన వాసన వస్తే వెంటనే తీసేయండి.

ఉప్పుగాలి, మంగళవారం రాత్రి 9:55

నడిచింది! మూడడుగులు. తలుపులు తెరుచుకున్నాయి, ఎడమ తుపాకీ వెలిగింది, కుడిది వెలగలేదు. నడుము సగం తిరిగి ఆగిపోయింది. ఇప్పుడు ముఖం అటు, కాళ్ళు ఇటు. పెద్దమ్మ "అలా ఉంచకు, అరిష్టం" అని చేత్తో తిప్పబోతే పట్టుకుని ఆపాను. ఏం చేయాలి?

సోల్డరింగ్ సుబ్బు, 10:01

బలవంతంగా తిప్పొద్దు, గేరు పళ్ళు పోతాయి. సెల్స్ తీసి రాత్రంతా వదిలేయండి, నూనె దిగుతుంది. కుడిది బల్బు పోయుంటుంది, చిన్న టార్చి బల్బు సరిపోతుందేమో చూద్దాం.

ఉప్పుగాలి, 10:20

సరే. పెట్టె కూడా తెలిసింది. పెద్దమ్మ బీరువాలో ఉంది. పెదనాన్న ఓడల మీంచి రాసిన ఉత్తరాలు అందులో దాచుకున్నారు. మూత మీద రాకెట్, చంద్రుడు, మీరు చెప్పినట్టే. అడగలేదు, అడగను కూడా. తమ్ముడికీ చెప్పేశాను. పాత కొలువు ఫొటో ఒకటి అందులోనే ఉంది, అది మాత్రం ఇచ్చారు. వెనకాల 1978 అని రాసుంది. పెడుతున్నాను చూడండి.

రేకుడబ్బా, 10:48

అమ్మా, ఫొటో పెద్దది చేశాను. మన వ్యోమగామి సరే. పై మెట్టు మీద, వెంకటేశ్వరస్వామి పటం వెనక, సగం మాత్రమే కనిపిస్తోంది. ఎర్రగా, చదరంగా, భుజం దగ్గర యాంటెన్నాలా ఏదో ఉంది. అదేంటి?

ఉప్పుగాలి, 10:52

ఇప్పుడే చూశా! నాకూ తెలీదండీ. పెద్దమ్మ పడుకున్నారు.

రన్నర్‌రాజు, 10:53

లేపక్కా

బొమ్మలకొలువు, 10:55

లేపకు. పొద్దున్నే అడుగు.